వరసలో కేకు

మా అడ్డరోడ్డు దగ్గర బండి ఎక్కాలంటే ముందు "చివర ఎవరు?" అని అడగాలి. చివరనున్నవాళ్లు చెయ్యెత్తుతారు. ఇక నువ్వే చివర. ఆ తర్వాత నీడన కునుకు తీసినా, కాఫీ తాగొచ్చినా నీ వంతు ఎక్కడికీ పోదు. ఆ శనివారం నేను బొగ్గు బస్తా దించుకుని అడిగాను. మెకానిక్ యోర్దాన్ చెయ్యెత్తాడు.

"నేనే తాతా. నా ముందు కేకు."

కేకెక్కడని చుట్టూ చూశాను. అతనే చూపించాడు. రేకుల కప్పు కింద బల్ల మీద ఒబ్దూలియా కూర్చుని ఉంది. ఒళ్లో చెక్కపలక, పలక మీద కేకు. రెండంతస్తులు. పైనంతా గుడ్ల తెల్లసొనా పంచదారా గిలక్కొట్టిన నురగ, అంచుల్లో గులాబీరంగు పువ్వులు. మూత లేదు. ఆ నురగ మీద ఏది కప్పినా దానికే అంటుకుపోతుంది. అందుకని మా దగ్గర కేకుల్ని అలా చేతుల్లోనే మోసుకెళ్తారు, సైకిళ్ల మీదయినా గుర్రబ్బళ్ల మీదయినా.

తెల్లారగట్ల వచ్చినప్పుడే ఆవిడ రెండు వంతులు తీసుకుందట. ముందున్నవాడితో, నీ వెనక నేను, నా వెనక కేకు అని చెప్పిందట. నవ్వారు గానీ ఎవరూ కాదనలేదు. తర్వాత యోర్దాన్ వచ్చి చివర ఎవరని అడిగితే ఆవిడ కేకుని చూపించింది. అలా అతను కేకు వెనక నిలబడ్డాడు. ఈలోగా ఒక లారీ వచ్చి ముందున్నవాళ్లందర్నీ ఎక్కించుకుపోయింది. నిలబడి వెళ్లే లారీలో కేకు ఎక్కదు కాబట్టి ఒబ్దూలియా ఆగిపోయింది. యోర్దాన్ కూడా ఎక్కలేదు. ఎందుకంటే ఆ లారీ బ్రేకులు బాగుచేసింది తనేనన్నాడు.

ఒబ్దూలియాది పాల్మా ఊరు. అక్కడ రోజులో ఎక్కువసేపు కరెంటు ఉండదు, ఆవిడ పొయ్యి కరెంటు పొయ్యి. అందుకని మా పల్లెలో ఉన్న చెల్లెలింటికి వచ్చి మట్టి పొయ్యి మీద కేకు కాల్చుకుంది. ఆ పొయ్యిలో బొగ్గు నాదే. మరబూ అని మా దగ్గర పాడుపడ్డ చెరుకు తోటల నిండా ఒక ముళ్ల చెట్టు పెరుగుతుంది. దాన్ని కొట్టి, మట్టి కప్పి, కాల్చి బొగ్గు చేస్తాను. ఈమధ్య దానికి గిరాకీ బాగా పెరిగింది. మా అమ్మాయి ఇల్లు కూడా పాల్మాలోనే. వారం వారం బస్తా తీసుకెళ్తుంటాను.

ఆ సాయంత్రం ఒబ్దూలియా మనవరాలు మైలెనిస్‌కి పదిహేనేళ్ల పండగ, మా దగ్గర ఆడపిల్లకి అది పెళ్లంత వేడుక. ఫొటోలు తీసేవాడు ఎండ ఉండగానే వస్తానన్నాడు. కొత్త సంవత్సరం నుంచీ ఇంట్లో ఎవరూ కాఫీలో పంచదార వేసుకోలేదు. కోటా పంచదారంతా ఒక డబ్బాలో పోశారు. గుడ్లు ఇరుగుపొరుగు ఒకటీ రెండూ ఇస్తే కూడాయి. గౌను అద్దెకు దొరికింది గానీ నడుం దగ్గర వదులట, పిన్నులు పెట్టారట. ఈ కేకు పాడైతే ఇంకో కేకు లేదు. ఆవిడ ఇవన్నీ చెప్పుకుంటూ ఒక అట్టముక్కతో కేకు మీద ఈగలు వాలకుండా విసురుతోంది. ఆగస్టు ఎండ. నురగ అప్పటికే పక్కల్లో కాస్త మెరుస్తోంది. చెమట పట్టడం మొదలైందంది.

మా అడ్డరోడ్డు మీద బళ్లు ఆపే ఉద్యోగి రిగొబేర్తో. ఇప్పుడతను వేసుకునేది నీలం చొక్కానే అయినా పాత రోజుల పేరే నిలిచిపోయింది, అందరం పసుపుచొక్కా అనే పిలుస్తాం. ప్రభుత్వం బండి ఏదైనా ఖాళీ సీట్లతో వెళ్తుంటే అతను చెయ్యెత్తాలి, బండి ఆగాలి, వరసలో ఉన్నవాళ్లని ఎక్కించుకోవాలి. పెట్రోలు లేని దేశంలో ఖాళీ సీటు తిరగకూడదని ఆ నియమం పెట్టారు. రిగొబేర్తో రోడ్డు వంక చూడడు. మలుపు అవతల శబ్దం వింటాడు. ఇది లాడా కారు, ఇది ట్రాక్టరు ఇంజను పెట్టిన పాత అమెరికా కారు, ఇది ఆస్పత్రి జీపు అని అక్కడే తెలిసిపోతుంది. అప్పుడు నిదానంగా లేచి చెయ్యెత్తుతాడు.

ఆ తెల్ల కారు శబ్దం లేకుండా వచ్చింది. రిగొబేర్తో సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు. తల ఎత్తేసరికి కారు అతని ముక్కు ముందునుంచే జారిపోయింది. విజిల్ ఊదాడు. కారు కొంచెం దూరం పోయి ఆగింది, మళ్లీ చప్పుడు లేకుండా వెనక్కి వచ్చింది.

లోపల ఒక్కడే మనిషి. సన్నటివాడు, కళ్లజోడు, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. నోరు తెరవగానే అందరికీ తెలిసిపోయింది. పొద్దున్నే రేడియోలో లైట్లు ఆర్పండి, నీళ్ల మోటారు కట్టెయ్యండి అని చెప్పే ఇంజనీరు ఫాబెలో గొంతు అది. కరెంటు ఉన్న రోజుల్లో వినేవాళ్లం.

ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ఈ కారు కొంత పెట్రోలు మీదా కొంత కరెంటు మీదా నడుస్తుందని, జిల్లాకి ఇలాంటిది ఇదొక్కటేనని చెప్పాడు. సోమవారం సాంతియాగోలో పెద్దల ముందు నిలబడి, బయామో నుంచి అక్కడిదాకా ఎంత తక్కువ తాగిందో చూపించాలట. అంకె బాగుంటే ఇంకొన్ని ఇలాంటివి తెప్పిస్తారని ఆయన ఆశ. మనుషులు ఎక్కితే బరువు, బరువైతే అంకె పాడు.

"ఆ నియమం పెట్రోలు ఆదా కోసం పెట్టింది బాబూ. ఈ కారే ఒక ఆదా. నేనొక్కణ్ణి వెళ్లినా ఆదా చేస్తున్నట్టే" అన్నాడు.

యోర్దాన్ కిటికీ దగ్గరికి వంగాడు. "ఖాళీ సీటు కూడా తాగుద్ది ఇంజనీరు గారూ. కాకపోతే ఎవర్నీ మొయ్యకుండా తాగుద్ది."

రిగొబేర్తో ఆ వాదనలోకి పోలేదు. కారు ముందుకెళ్లి నంబరు ప్లేటు చూశాడు. ప్రభుత్వ బళ్లకి వేసే అక్షరమే ఉంది. వచ్చి వెనక తలుపు తెరిచాడు.

"వంతు ఎవరిది?" అన్నాడు.

ఒబ్దూలియా లేచింది. తర్వాత కేకు, తర్వాత యోర్దాన్, తర్వాత నేను. నా వెనక ఒక పంతులమ్మ ఉంది. కేకు ఒక సీటు తింటే తన వంతు పోతుంది. కేకు టికెట్టు కొనదు, జెండా వందనానికి రాదు, దానికి సీటేమిటని ఆవిడ అడిగింది. వెనకున్నవాళ్లు కొందరు అవునన్నారు. రిగొబేర్తో ఆవిణ్ణి ఒక్క మాట అడిగాడు. వచ్చినప్పుడు ఈ కేకు ఇక్కడ ఉందా లేదా? ఉందంది. దాని వంతు ఎవరైనా కాదన్నారా? లేదంది. అయితే ఎక్కుతుందన్నాడు.

బొగ్గు బస్తా డిక్కీలో పెట్టాను. నా చేతులు కడిగినా తెల్లబడవు. కేకు దగ్గర నువ్వు వద్దని ఒబ్దూలియా నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టింది. సీటు పాడవుతుందని ఇంజనీరు ఒక న్యూస్‌పేపరు పరిచాడు. వెనక ఒబ్దూలియా ఒకవైపు, యోర్దాన్ ఒకవైపు, మధ్యలో పలక ఇద్దరి మోకాళ్ల మీదా పట్టుకున్నారు.

కారు కదిలింది. కదిలిందని చెట్లు చూస్తేనే తెలిసింది. ఇంజనీరు ముందు ఒక చిన్న తెర, దాని మీద ఒక అంకె. ఆయన రోడ్డు ఎంత చూశాడో ఆ అంకెనీ అంతే చూశాడు. పెడల్ని గుడ్డు మీద కాలు పెట్టినట్టు నొక్కుతున్నాడు.

మొదటి గొడవ కిటికీల దగ్గర వచ్చింది. కిటికీలు దించి ఉన్నాయి. దుమ్ము పడుతోందని ఒబ్దూలియా అంటే ఎత్తాడు. ఎత్తగానే లోపల ఆవిరి పట్టింది. నురగ కారిపోతుంది, ఏసీ వెయ్యి నాయనా అంది. ఏసీ వేస్తే అంకె పెరుగుతుందని, బయామో నుంచి తను కూడా చెమటలోనే వచ్చానని ఆయన చెప్పాడు. అది నిజమే, చొక్కా వీపుకి అంటుకుని ఉంది.

"మీరు కరిగినా మళ్లీ గట్టిపడతారు. ఇది పడదు" అంది ఒబ్దూలియా.

ఆయన అద్దంలో కేకుని చూశాడు. తర్వాత ఒక మీట నొక్కాడు, అన్నిటికంటే తక్కువలో పెట్టాడు. చల్లగాలి వచ్చింది. తెర మీద అంకె ఒక మెట్టు ఎక్కింది.

యోర్దాన్ ఊరుకునే మనిషి కాదు. ఈ కారు చెడిపోతే ఎవడు బాగుచేస్తాడు అని మొదలుపెట్టాడు. మా నాన్న షెవర్లే నా కంటే పెద్దది, దానికి పడవ ఇంజను, లాడా చక్రాలు, పిస్టన్లు నేనే ఆకురాయితో అరగదీసుకున్నా, ఇప్పటికీ పెళ్లికూతుళ్లని మోస్తోంది అన్నాడు. దీని బ్యాటరీ పోయిన రోజున ఏం పెడతారు, టార్చిలైటు బ్యాటరీలా? ఇంజనీరు కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పాడు. నీ షెవర్లే తాగే డీజిలుతో ఇలాంటి కార్లు నాలుగు తిరుగుతాయి, నువ్వు బాగుచేస్తావు కాబట్టే అది ఇంకా తాగుతోంది అన్నాడు. పల్లం వచ్చినప్పుడు బ్రేకు నొక్కి చూపించాడు. మిగతా కార్లలో ఆ ఊపు వేడైపోయి గాలిలో కలుస్తుంది, ఇందులో కరెంటై బ్యాటరీలోకి పోతుంది అన్నాడు. తెర మీద ఒక పచ్చ గీత పెరిగింది. యోర్దాన్ మెడ చాచి దాన్ని చూశాడు. నచ్చిందని నాకు తెలిసింది. నచ్చిందని అతను అనలేదు.

"అయితే నలుగురం ఎక్కితే పల్లంలో ఇంకా ఎక్కువ కరెంటు వస్తది కదండీ. బరువు లాభమే" అన్నాడు.

ఎత్తు ఎక్కేటప్పుడు అంతకంటే ఎక్కువ పోతుందన్నాడు ఇంజనీరు. నీ అభిప్రాయమేంటి తాతా అని యోర్దాన్ నన్నడిగాడు. బొగ్గు కాల్చేవాడికి తెలిసింది ఒక్కటే. గాలి ఎక్కువ తగిలితే బూడిద మిగులుతుంది, తక్కువైతే పచ్చికట్టె మిగులుతుంది. దీనికి అది పనికొస్తుందో లేదో తెలియక ఊరుకున్నాను. తాత ఏమీ అనలేదంటే నా మాటే నిజమని యోర్దాన్ లెక్కేసుకున్నాడు.

పాల్మాకి ముందు ఒక ఇరుకు వంతెన ఉంది. ఒక్క బండే పడుతుంది. మేము ఎత్తు మీద వంతెన ముందుకి వచ్చేసరికి అవతలినుంచి ఎడ్లబండి ఒకటి వస్తోంది. ఇంజనీరు ఆగాడు. ఆ ఎత్తు ఎక్కుతున్నంతసేపూ ఇంజను మూలుగుతూనే ఉంది. ఆగగానే ఆ మూలుగు టక్కున ఆగిపోయింది.

మా దేశంలో ఎత్తు మీద ఇంజను ఆగిపోతే ఎవరూ ఎవర్నీ అడగరు. ముందు కాళ్లు దిగుతాయి. యోర్దాన్ అప్పటికే తలుపు తెరిచాడు. ఒబ్దూలియా కూడా పలకని సీటు మీద పెట్టి తన వైపునుంచి దిగింది. ఇద్దరూ డిక్కీ వెనక్కి వెళ్లి వంగారు. ఆ వయసులో ఆవిడ చేతులు చాచి నిలబడిన తీరు చూస్తే ఎన్ని బళ్లు తోసిందో తెలుస్తుంది. నేను దిగి రెండు తలుపుల మధ్య కమ్మీ పట్టుకుని భుజం ఆనించాను. వెనక తలుపు తెరిచే ఉంది.

ఇంజనీరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. చెడిపోలేదు, ఆగితే దానంతట అదే ఆగిపోతుంది, ఎక్కండి అన్నాడు.

"అందరూ మొదట అదే అంటారు" అన్నాడు యోర్దాన్, ఇంకా గట్టిగా తోశాడు.

ఎడ్లబండి దాటిపోయింది. తొయ్యాల్సిన పని లేదని చూపించడానికే అనుకుంటా, ఇంజనీరు కాస్త నొక్కాడు. కారు చప్పుడు లేకుండా ఒక్క గెంతు గెంతింది. వెనక ఒబ్దూలియా ముందుకి తూలింది. అద్దంలో అది చూసి ఆయన బ్రేకు వేశాడు. సీటు మీద పలక జారింది. నా కళ్ల ముందే సీటు అంచు దాటింది. కేకు ఒరిగింది.

నేను చెయ్యి పెట్టాను.

పలక ఆగింది. కేకు నిలబడింది. నా అరచెయ్యి మొత్తం నురగలోకి దిగింది. ఇంజనీరు దిగి అటువైపునుంచి పలకని సీటు మీదికి లాగాకే చెయ్యి తీశాను. తెల్లటి పక్క మీద నా చెయ్యి, అయిదు వేళ్లతో, నల్లగా ఉండిపోయింది.

ఒబ్దూలియా వచ్చి చూసింది. అరవలేదు. తర్వాత నా చేతి వంక చూసింది, నా మొహం వంక చూడలేదు.

"పడిపోలేదు. అదే చాలు. ఏదైనా పల్చటిది ఇవ్వండి, శుభ్రంగా ఉన్నది" అంది.

యోర్దాన్ జేబులోంచి ఒక ఆకురాయి తీశాడు. దాన్ని చూసి ఆవిడ నోరు మూసుకోమంది, అతనింకా ఏమీ అనకముందే. నా దగ్గర ఏమీ లేదు. ఇంజనీరు చొక్కా జేబు తడుముకున్నాడు. పర్సు తీసి, అందులోంచి ఒక ప్లాస్టిక్ కార్డు తీశాడు. ప్రభుత్వ బళ్లకి పెట్రోలు పోయించుకునే కార్డు అది. అది గీకితేనే బంకులో యంత్రం పెట్రోలు వదులుతుంది. ఒక్క క్షణం దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత చేతిరుమాలుతో రెండు వైపులా తుడిచి ఆవిడకి ఇచ్చాడు.

ఒబ్దూలియా ఆ కార్డుతో నల్లటి నురగ గీకింది. గీకింది పారెయ్యలేదు, పంచదార కదా, యోర్దాన్ అరచేతిలో పెట్టింది. బొగ్గు కడుపుకి మంచిదంటూ అతను నాకేశాడు. తర్వాత ఆవిడ వెనక పక్క నురగ కొంచెం కొంచెం తీసి ముందు పక్క పూసింది, కార్డు అంచుతో నున్నగా లాగింది. ఇంజనీరు అటూ ఇటూ ఒంగి ఎండ పడకుండా తన వీపుతో అడ్డం నిలబడ్డాడు. ముందు పక్క బాగానే వచ్చింది. వెనక పక్క చోట్లు చోట్లుగా లోపలి గోధుమరంగు కనిపిస్తోంది.

"దాన్ని గోడవైపు తిప్పుతాను" అంది ఒబ్దూలియా. కార్డు నాకి, గౌను అంచుకి తుడిచి ఇచ్చేసింది.

మళ్లీ ఎక్కాం. ఎవరూ చెప్పకుండానే ఇంజనీరు ఏసీ ఆఖరి మెట్టుదాకా తిప్పాడు. తెర మీద అంకె ఎక్కుతూ పోయింది. ఆయన చూడలేదు. ఒబ్దూలియా ఇల్లు పెద్దరోడ్డు మీద లేదు, గుంటల సందులో, కొండ మీదికి. పెద్దరోడ్డు మీద దించినా ఆయన తప్పు లేదు. సందులోకి తిప్పాడు. గుంట వచ్చినప్పుడల్లా పూర్తిగా ఆగి, నెమ్మదిగా దించి, నెమ్మదిగా ఎక్కించాడు. ఆగినప్పుడల్లా ఇంజను ఆగింది. మేము దిగలేదు.

మైలెనిస్ గుమ్మంలో నిలబడి ఉంది. తలకి రోలర్లు, వంటిమీద పిన్నుల గౌను. కారులోంచి కేకు దిగడం చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక పక్క చూసిందో లేదో తెలియదు. ఒబ్దూలియా కేకుని బల్ల మీద పెట్టి, చెప్పినట్టే గోడవైపు తిప్పింది. మా ముగ్గురికీ తలొక అట్టపెట్టె ఇచ్చింది, మాకరోనీ సలాడూ, నూనెలో వేయించిన రెండు క్రోకెట్లూ. కేకు కొయ్యకముందే వెళ్తున్నారని నొచ్చుకుంది.

కారు దగ్గర యోర్దాన్ ఆగి, అంకె ఎంతయిందని అడిగాడు. ఇంజనీరు చెప్పాడు. బాగా ఎక్కువే.

"సోమవారం ఏం చెప్తారు మరి? నలుగురితో భాగించెయ్యండి" అన్నాడు యోర్దాన్. ఈసారి ఎగతాళి లేదు.

ఇంజనీరు క్రోకెట్ కొరికాడు. నమిలి మింగాడు. "కేకుతో కలిపి అయిదుగురం" అన్నాడు.

నేను బస్తా దించుకుని మా అమ్మాయి ఇంటికి నడిచాను.

మరుసటి శనివారం మళ్లీ అడ్డరోడ్డుకి వచ్చాను. వరస పెద్దగా లేదు. నాకు ముందు పంతులమ్మ ఉంది, వారం కిందటి సీటు గురించి రిగొబేర్తోతో ఇంకా మాట్లాడుతోంది. నేను బస్తా మీద కూర్చున్నాను. ఊరి బంకు వైపునుంచి ఒక మనిషి రోడ్డు అంచునే నడిచి వస్తున్నాడు. సన్నటివాడు, గుండీలు మెడదాకా, చేతిలో ఫైలు. దగ్గరికి వచ్చాక ఇంజనీరు ఫాబెలో అని తెలిసింది.

రిగొబేర్తో కారేదని అడిగాడు. బంకు దగ్గరే ఉందన్నాడు. కారుకేమీ కాలేదట. కార్డునే యంత్రం తీసుకోవడం లేదట. బంకువాడు గీకి గీకి చూసి, దీనికేదో జిగురు అంటింది, వెనకున్న నల్ల గీత పాడైపోయింది, ఆఫీసుకెళ్లి కొత్తది తెచ్చుకోమన్నాడట. ఆఫీసు సాంతియాగోలో ఉంది. ట్యాంకులో ఉన్నది అక్కడిదాకా రాదు. కరెంటు మీద పోకూడదా అని పంతులమ్మ అడిగింది. పెట్రోలు లేకపోతే ఆ కరెంటు కూడా రాదని ఆయన ఓపికగా చెప్పాడు. సోమవారం ఏమైందని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మలుపు అవతల ఏదో లాడా గేరు మార్చింది. రిగొబేర్తో లేచాడు. ఇంజనీరు రేకుల కప్పు కిందికి వచ్చి, ఫైలు చంకలో పెట్టుకుని, మా అందరి వంకా చూశాడు.

"చివర ఎవరు?" అన్నాడు.

నేను చెయ్యెత్తాను.